ఆమీన్ ఎంత గట్టిగా అనాలి?

1885లో అలహాబాదు హైకోర్టులో అయిదుగురు జడ్జీలు ఒకే బెంచిగా కూర్చుని ఒక్క మాట గురించి వాదనలు విన్నారు. ఆ మాట ఆమీన్. కేసు కాశీ నుంచి వచ్చింది. రంజాన్ అనే అతనూ, అతని తోటివాళ్ళూ మసీదుకి వెళ్ళి, జమాత్‌లో నిలబడి, ఇమాం ఫాతిహా సూరా చదవడం ముగించగానే గట్టిగా ఆమీన్ అన్నారు. ఆ మసీదులో మిగతావాళ్ళంతా ఆ మాటని పెదాలు దాటనివ్వకుండా లోలోపలే అనుకునేవాళ్ళు. గొడవయింది, పోలీసుల దాకా పోయింది. ఆరాధనలో ఉన్న జనానికి కావాలని భంగం కలిగించారని ఇండియన్ పీనల్ కోడ్ 296వ సెక్షన్ కింద వాళ్ళకి కింది కోర్టులో శిక్ష పడింది. ఆ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు వెయ్యొచ్చు. చరిత్రలో దీన్ని 'క్వీన్ ఎంప్రెస్ వర్సెస్ రంజాన్' కేసు అంటారు.

బయటినుంచి చూసేవాళ్ళకి ఇది నవ్వొచ్చే తగాదా. ఆమీన్ అనాలా వద్దా అన్నది కాదు, అందరూ అనేదే. ఎంత గొంతుతో అనాలి అన్నదొక్కటే పేచీ. కానీ దాని వెనక ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఒక మనిషి ఇంకో మనిషి వెనకాల నిలబడి, నేను ఇతన్ని అనుసరిస్తున్నాను అని మనసులో అనుకున్నాక, తనదంటూ ఎంత మిగుల్చుకోవచ్చు? ఈ ప్రశ్నకి ఇస్లాం ధర్మశాస్త్రంలో పన్నెండు వందల ఏళ్ళుగా జవాబులు ఉన్నాయి. ఆ జవాబులు తెలిస్తే గానీ అలహాబాదు తీర్పులో ఏం తేలిందో, ఏం తేలలేదో అర్థం కాదు.

ముందు అనుసరించడం అంటే ఏమిటో చూద్దాం. ఇమాం అంటే ముందు నిలబడేవాడు, అంతే. దీక్ష ఇచ్చి నియమించిన పూజారి కాదు. ఖురాన్ బాగా వచ్చినవాడు ఎవరైనా ముందు నిలబడొచ్చు. ఇద్దరుంటే చాలు జమాత్ అవుతుంది, అప్పుడు రెండోవాడు ఇమాంకి కుడిపక్కన నిలబడతాడు. వెనకాల అనుసరించేవాణ్ణి ముఖ్తదీ అంటారు. ముఖ్తదీ నమాజు నియ్యత్‌తో, అంటే సంకల్పంతో, మొదలవుతుంది. ఏ నమాజు చేస్తున్నాడన్నదానితో పాటు ఈ ఇమాం వెనక చేస్తున్నానన్నది కూడా ఆ సంకల్పంలో ఉంటుంది.

ఆ తర్వాతంతా శరీరానికి సంబంధించిన మర్యాద. ఇమాం తక్బీర్ అన్నాక తను అనాలి. ఇమాం రుకూలోకి వంగాక తను వంగాలి, ఇమాం సజ్దా నుంచి తలెత్తాక తను ఎత్తాలి. ముందు పోకూడదు, మరీ వెనకబడకూడదు. ఇమాం కంటే ముందే తలెత్తేవాడి తల గాడిద తలగా మారిపోతుందన్న భయం ఉండొద్దా అని ప్రవక్త హెచ్చరించినట్టు హదీసుల్లో ఉంది. ప్రవక్త నుదురు నేలకి ఆనించేదాకా తాము నడుము వంచేవాళ్ళం కాదని ఆయన సహచరుడు బరా ఇబ్న్ ఆజిబ్ చెప్పుకున్నాడు. ఆలస్యంగా వచ్చినవాడు ఇమాం ఏ భంగిమలో ఉంటే అందులోనే కలిసిపోవాలి. తనకి తప్పిన రకాతులు ఇమాం సలాం చెప్పాక లేచి పూర్తి చేసుకోవాలి. ఎవడి లెక్క వాడిది, కానీ చివరిదాకా నడక మాత్రం ఇమాందే.

ఇంత కట్టుదిట్టం చేశారు కాబట్టి ఇమాం మాటే వేదమనుకుంటే పొరపాటు. ఇమాం పొరపడితే చెప్పాల్సిన బాధ్యత వెనక ఉన్నవాళ్ళది. కూర్చోవాల్సిన చోట లేచి నిలబడితే మగవాళ్ళు సుబ్‌హానల్లాహ్ అంటారు, ఆడవాళ్ళు చేత్తో చేతిమీద తడతారు. చదువుతూ చదువుతూ ఆయత్ మర్చిపోతే వెనకనుంచి ఒకరు అందిస్తారు. ఉర్దూలో దీన్ని 'లుఖ్మా ఇవ్వడం' అంటారు. లుఖ్మా అంటే అన్నం ముద్ద. దారి తప్పిన నాయకుడికి ముద్ద అందించినట్టు మాట అందించడమన్నమాట.

ఇమాంకి కూడా హద్దులున్నాయి. ప్రవక్త సహచరుడు ముఆజ్ ఇబ్న్ జబల్ ఒకరోజు రాత్రి ఇషా నమాజు చేయిస్తూ ఖురాన్‌లో అన్నిటికంటే పెద్దదైన బఖరా సూరా ఎత్తుకున్నాడు. పొద్దంతా ఒంటెలతో నీళ్ళు తోడి అలిసిపోయి వచ్చిన ఒక మనిషి అంతసేపు నిలబడలేక, వరస వదిలి, పక్కకి పోయి విడిగా నమాజు చేసుకుని వెళ్ళిపోయాడు. ముఆజ్ అతన్ని కపటి అన్నాడు. ఆ మనిషి వెళ్ళి ప్రవక్తకి మొర పెట్టుకున్నాడు. ప్రవక్త మందలించింది వరస వదిలిన మనిషిని కాదు, ముఆజ్‌ని. నీ వెనకాల ముసలివాళ్ళుంటారు, నీరసంగా ఉన్నవాళ్ళుంటారు, పనులున్నవాళ్ళుంటారు, చిన్న సూరాలు చదవమని చెప్పాడు. అంటే ఈ మర్యాద మొదటినుంచీ రెండువైపులా ఉంది.

మరి భేదాలు ఎక్కడొచ్చాయి? సున్నీల్లో నాలుగు మజ్‌హబ్‌లు, అంటే నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాలు, ఉన్నాయి: హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ. నమాజు ఎముకల గూడు అందరికీ ఒకటే. పై వివరాల్లో తేడాలున్నాయి. హనఫీలు నమాజు మొదట్లో ఒక్కసారే చేతులెత్తుతారు. షాఫయీలు, హంబలీలు రుకూకి వెళ్ళేప్పుడూ, లేచేప్పుడూ కూడా ఎత్తుతారు. హనఫీలు చేతులు బొడ్డు కింద కట్టుకుంటారు, షాఫయీలు బొడ్డు పైన. ఇమాం చదువుతుంటే వెనకవాళ్ళు ఊరికే వినాలని హనఫీలు, ఎవరి ఫాతిహా వాళ్ళు చదువుకోవాల్సిందేనని షాఫయీలు అంటారు. ఇక ఆమీన్ సంగతి: హనఫీలు మెల్లిగా, షాఫయీలూ హంబలీలూ గట్టిగా. ఎవరూ తోచినట్టు కల్పించుకున్నది కాదు. అందరి దగ్గరా హదీసులున్నాయి. మక్కాలో అబ్దుల్లా ఇబ్న్ జుబైర్, ఆయన వెనకున్నవాళ్ళూ ఆమీన్ అంటే మసీదు మారుమోగేదని బుఖారీ సంకలనంలో ఉంది. ఆమీన్ అనేది ప్రార్థన, ప్రార్థన గోప్యంగా ఉంటేనే మేలు అన్నది హనఫీల వాదన.

ఇట్లా తేడాలున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడొచ్చా? దీనికి పాత పుస్తకాలు తీర్పుల కంటే ఎక్కువగా ఉదాహరణలు చూపిస్తాయి. మూడో ఖలీఫా ఉస్మాన్ హజ్ సమయంలో మినాలో నాలుగు రకాతులు చేయించాడు. ప్రయాణంలో ఉన్నవాళ్ళు రెండే చెయ్యాలని, ప్రవక్తతోనూ, అబూబకర్, ఉమర్‌లతోనూ అక్కడ తాను రెండే చేశానని ఇబ్న్ మసూద్ అభ్యంతరం చెప్పాడు. చెప్పి, తర్వాత తను కూడా నాలుగే చేశాడు. తప్పని చెప్పి మళ్ళీ నువ్వూ అదే చేశావేమని అడిగితే, చీలిపోవడం కీడు అన్నాడు. ఇంకో కథ అబూ యూసుఫ్‌ది. ఒంట్లోంచి రక్తం కారితే వుజూ పోతుందని హనఫీల నియమం. ఖలీఫా హారూన్ రషీద్ రక్తం తీయించుకుని, మళ్ళీ వుజూ అక్కర్లేదన్న మాలిక్ మాట మీద అట్లాగే నమాజు చేయించాడు. హనఫీ పండితుడైన అబూ యూసుఫ్ ఆయన వెనకే నిలబడ్డాడు, తర్వాత తిరిగి చేసుకోలేదు. రక్తం కారినా వుజూ చేసుకోని ఇమాం వెనక నమాజు చేస్తావా అని అహ్మద్ ఇబ్న్ హంబల్‌ని అడిగితే, మాలిక్ వెనకా, సయీద్ ఇబ్న్ ముసయ్యిబ్ వెనకా చెయ్యకుండా ఎట్లా ఉంటాను అన్నాడట.

ఈ మూడిట్లో ఎవరూ తమ అభిప్రాయం మార్చుకోలేదని గమనించాలి. ఇబ్న్ మసూద్‌కి రెండు రకాతులే సరైనవి, నాలుగు చేశాక కూడా. అనుసరించడమంటే ఒప్పుకోవడం కాదు. ఒప్పుకోకుండానే పక్కన నిలబడగలగడం.

అట్లాగని పాతకాలమంతా ఇంత సామరస్యంగా గడిచిందనుకోకూడదు. వేరే మజ్‌హబ్ ఇమాం వెనక నమాజు చెల్లుతుందా లేదా అని తర్వాతి కాలపు పండితులు చాలా మెలికలు పెట్టారు. దాని ఫలితం మక్కాలో కళ్ళకి కనబడేది. కాబా చుట్టూ నాలుగు మజ్‌హబ్‌లకీ నాలుగు చోట్లు, నలుగురు ఇమాంలు. 1183లో అక్కడికి వెళ్ళిన అందలుసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ ఈ ఏర్పాటుని వివరంగా రాశాడు. తక్కిన నమాజులకి ఒకరి తర్వాత ఒకరు చేయించేవాళ్ళు. మగ్రిబ్‌కి మాత్రం, సాయంత్రం వ్యవధి తక్కువ కాబట్టి, అందరూ ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళు. ఇక చూసుకోండి. 1326లో హజ్‌కి వెళ్ళిన ఇబ్న్ బతూతా ఆ గందరగోళం రాశాడు: ఒకరి తక్బీర్ విని ఇంకొకరి వెనకవాళ్ళు వంగిపోతారు, మాలికీ ఒకడు షాఫయీల రుకూలో కలిసిపోతాడు, తన ఇమాం గొంతు ఏదా అని ప్రతివాడూ చెవులు రిక్కించుకుని ఉంటాడు. ఒక్క దేవుడు, ఒక్క కాబా, ఒక్క పొద్దు, నాలుగు గొంతులు. 1924లో మక్కా ఇబ్న్ సవూద్ చేతికి వచ్చాక కొద్దికాలానికి ఈ పద్ధతి పోయింది, ఒక్కో నమాజుకి ఒకే ఇమాం అయ్యాడు.

భారతదేశంలో ఇట్లాంటి ఇబ్బంది చాలాకాలం రాలేదు. ఉత్తరాదిన సున్నీల్లో దాదాపు అందరూ హనఫీలే. 18వ శతాబ్దంలో ఢిల్లీలో షా వలీయుల్లా (1703–1762) హదీసుల్ని మళ్ళీ ముందుకు తెచ్చాడు. రుకూ దగ్గర చేతులెత్తేవాళ్ళే తనకి ఎక్కువ ఇష్టమన్నాడు, కానీ ఇట్లాంటి చిన్న విషయాల కోసం ఊళ్ళో జనాన్ని రెచ్చగొట్టుకోవద్దని కూడా అన్నాడు. ఆయన మనవడు షా ఇస్మాయిల్‌కి అంత ఓపిక లేదు. చేతులెత్తడాన్ని సమర్థిస్తూ పుస్తకమే రాశాడు. 1831లో బాలాకోట్ యుద్ధంలో చనిపోయాడు. ఆ తరం తర్వాత, ఏ మజ్‌హబ్‌నీ గుడ్డిగా అనుసరించనక్కర్లేదు, ఖురాన్, హదీసు చాలు అన్న వర్గం బలపడింది. వాళ్ళు తమని అహ్లె హదీస్ అని పిలుచుకున్నారు. ప్రత్యర్థులూ, ప్రభుత్వమూ వాళ్ళని వహాబీలన్నారు.

ఆ రోజుల్లో వహాబీ అన్న మాట తేలిగ్గా తీసుకునేది కాదు. 1864లో అంబాలాలో, 1865లో పాట్నాలో రాజద్రోహం కేసులు నడిచాయి, కొందర్ని అండమాన్‌కి పంపించారు. హంటర్ దొర 1871లో భారత ముస్లింల విధేయతని ప్రశ్నిస్తూ పుస్తకం రాశాడు. వరసలో నిలబడి గట్టిగా ఆమీన్ అన్నవాణ్ణి పక్కవాడు వహాబీ అంటే, ఆ మాట మసీదు దగ్గర ఆగుతుందన్న నమ్మకం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. షాఫయీలు కూడా ఆమీన్ గట్టిగానే అంటారు కదా, చేతులూ ఎత్తుతారు కదా. హైదరాబాదులో బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో చెయ్యడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉండే పేట అది. బారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. హద్రమీలు షాఫయీలు. వాళ్ళ ఆమీన్ విని వాళ్ళ మజ్‌హబ్ అది అనుకుంటారే గానీ తగువుకి వెళ్ళరు. అదే మాట, అదే గొంతు, కాశీలో నేరం ఎట్లా అయింది? షాఫయీ తన పెద్దల దారిలో నడుస్తున్నాడు, హనఫీ తన పెద్దల దారిలో నడుస్తున్నాడు, ఇద్దరికీ గౌరవం మిగులుతుంది. అహ్లె హదీస్ మనిషి అట్లా కాదు. నీ పెద్దలు పొరబడ్డారు అని అతని ఆమీన్ చెప్తోంది, లేదా అట్లా చెప్తోందని పక్కవాడికి వినిపిస్తోంది. పేచీ చప్పుడుతో కాదు, ఆ చప్పుడులో వినబడ్డ ధిక్కారంతో.

అలహాబాదు బెంచిలో ఉన్న అయిదుగురిలో నలుగురు ఇంగ్లీషువాళ్ళు. అయిదోవాడు సయ్యద్ మహమూద్, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకు. 1850లో పుట్టాడు, కేంబ్రిడ్జిలో చదివి బారిస్టరయ్యాడు. 1881లో సాలార్ జంగ్ పిలుపు మీద హైదరాబాదు సంస్థానంలో న్యాయవ్యవస్థని చక్కదిద్దే పనిలోనూ సాయం చేశాడు. ఆ హైకోర్టుకి జడ్జి అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ కేసులో ఆయన మిగతావాళ్ళతో విభేదించాడు.

తక్కిన జడ్జీలు దీన్ని మామూలు క్రిమినల్ కేసుగానే చూశారు: ఆరాధన జరుగుతోందా, దానికి భంగం కలిగిందా, కావాలనే కలిగించారా, ఈ సంగతులు తేల్చాలని కేసుని వెనక్కి పంపారు. మహమూద్ అది చాలదన్నాడు. భంగం కలిగిందో లేదో చెప్పాలంటే మసీదులో ఏది చెయ్యొచ్చో ముందు తెలియాలి, అది ముస్లిం ధర్మశాస్త్రం చెప్పాల్సిన మాట. అరబీ గ్రంథాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చూపించాడు. ఆమీన్ అనడం అన్ని మజ్‌హబ్‌లకీ ఇష్టమైనదే. గట్టిగానా మెల్లిగానా అన్నదాంట్లోనే తేడా. గట్టిగా అన్నంతమాత్రాన అన్నవాడి నమాజూ పోదు, పక్కవాడి నమాజూ పోదు. మసీదు దేవుడిది, దాన్ని కట్టినవాడిది కాదు, ఎక్కువమంది ఉన్న వర్గానిదీ కాదు. అక్కడ ముస్లిం ఎవరైనా తన పద్ధతిలో నమాజు చేసుకోవచ్చు. కాబట్టి శిక్ష రద్దు చెయ్యాలన్నాడు.

ఆరోజు ఆయనది ఒంటరి గొంతు. కానీ కొన్నేళ్ళకే అదే కోర్టు ఇంచుమించు ఆ దారికే వచ్చింది. 1889లో అతావుల్లా వర్సెస్ అజీముల్లా కేసులో, గట్టిగా ఆమీన్ అన్నాడన్న కారణంతో ఎవర్నీ మసీదుకి దూరం పెట్టకూడదని తేల్చింది. జంగూ వర్సెస్ అహ్మదుల్లా కేసులో దానికొక హద్దు గీసింది. నిజంగా నమాజు కోసం వచ్చి, తన నమ్మకం ప్రకారం గట్టిగా అన్నవాడిది తప్పు కాదు. ఇతరుల్ని చెదరగొట్టాలని వచ్చి అదే మాట అంటే నేరమే. 1891లో బీహారులోని తాజ్‌పూర్ మసీదు తగాదా లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. ఈసారి పేచీ ముఖ్తదీతో కాదు, ఇమాంతో: ఆమీన్ గట్టిగా అనే, చేతులెత్తే ఇమాం వెనక హనఫీలు ఎట్లా నిలబడతారని. అంతమాత్రాన ఆయన ఇమాంగా ఉండే అర్హత పోదని అక్కడా తేలింది.

జంగూ కేసులో గీసిన హద్దు ఆలోచించదగ్గది. గొంతు ఎంత పెద్దది అన్నది పక్కన పెట్టి, కోర్టు ఉద్దేశం దగ్గరికి వచ్చింది. ముఖ్తదీ నమాజు మొదలయ్యేది కూడా అక్కడే, నియ్యత్‌లో. హనఫీల ఇబ్బంది కూడా అబద్ధం కాదు. అందరూ మౌనంగా ఉండే ఆ ఒక్క క్షణం కోసమే కాచుకుని, గుంపుగా వచ్చి అరిస్తే అది ప్రార్థన కాదు, సవాలు. అహ్లె హదీస్ మనిషి ఇబ్బంది కూడా అబద్ధం కాదు. ప్రవక్త ఇట్లాగే అన్నాడని నమ్మినవాడు ఆ మాటని గొంతులో నొక్కిపెట్టుకోవాలంటే ఎట్లా? ఈ రెండింటిలో ఏది ఏ రోజు జరిగిందో సాక్షులు చెప్పగలరా? చప్పుడుకి సాక్షులుంటారు, నియ్యత్‌కి ఉండరు. అందుకే కోర్టులు సూత్రం చెప్పగలిగాయి గానీ తగాదా ఆపలేకపోయాయి.

జరిగింది వేరు. వరసలో నిలబడే హక్కు గెలుచుకున్నవాళ్ళు ఆ వరసలో ఎక్కువకాలం నిలబడలేదు. ఊరూరా ఎవరి మసీదు వాళ్ళు కట్టుకున్నారు. ఫలానా వర్గంవాళ్ళ మసీదు, ఇక్కడ నమాజు ఈ పద్ధతిలోనే జరుగుతుంది అని గోడలమీద రాసిన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. మక్కాలో నాలుగు చోట్లు తీసేసి ఒకటి చేస్తే, మన పేటల్లో ఒకటి రెండయింది. 296వ సెక్షన్ కొత్త న్యాయసంహితలో 300వ సెక్షన్ అయి కూర్చుంది.

మహమూద్ తీర్పుని న్యాయశాస్త్రం పుస్తకాలు మసీదు అందరిదీ అన్న సూత్రం కోసం గుర్తుపెట్టుకున్నాయి. అది సరే. కానీ ఆ సూత్రం సగమే. వరసలోంచి నిన్ను ఎవరూ తోసెయ్యకూడదు అన్నంతవరకు చట్టం చెప్పగలదు. నచ్చని పద్ధతిలో చేసేవాడి భుజానికి భుజం ఆనించి నిలబడమని చట్టం చెప్పలేదు. అది మినాలో ఇబ్న్ మసూద్ చేసిన పని. తనకి తప్పనిపించింది పైకి చెప్పాడు, దాచుకోలేదు. చెప్పాక ఉస్మాన్ వెనక నాలుగు రకాతులూ చేశాడు. గట్టిగా అనేవాడికీ, మెల్లిగా అనేవాడికీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది సమానంగానే ఉంది.